తెనాలి నాటకాల స్టేజీ నుంచి సినిమా కెమెరా ముందుకు: నా అనుభవం

నేను చేసిన రెండో సినిమా ఈ మధ్యే విడుదలైంది. అందులో నాది హీరోకి వదిన వేషం. అప్పటినుంచి మా తెనాలి వైపు నాటకాలాడే ఇళ్ళనుంచి ఫోన్లు వస్తున్నాయి. "మా పాప పద్యం బాగా పాడుతుందమ్మా, సినిమాల్లోకి ఎట్లా పంపాలి?" అని అడుగుతున్నారు. అందరికీ ఫోన్లో వివరంగా చెప్పడం కుదరడం లేదు. అందుకని జరిగింది జరిగినట్టు, డబ్బు సంగతులతో సహా రాస్తున్నాను.

మా నాన్న హార్మోనిస్టు. తెనాలి చుట్టుపక్కల పద్య నాటకం ఎక్కడున్నా ఆయన పెట్టె ఉండాల్సిందే. 1997 శివరాత్రికి ఒక ఊళ్ళో హరిశ్చంద్ర నాటకం ఒప్పుకున్నారు. లోహితాస్యుడు వేసే పిల్లాడికి అమ్మవారు పోసింది. నాకప్పుడు ఆరేళ్ళు. రిహార్సల్స్‌కి నాన్న వెంట వెళ్ళీ వెళ్ళీ లోహితాస్యుడి మాటలతో పాటు నక్షత్రకుడి మాటలు కూడా నోటికి వచ్చేశాయి. జుట్టు పైకి ముడి వేసి, ముఖానికి రంగు పూసి నన్ను ఎక్కించారు.

మాట్లాడే సీన్లలో నాకు భయం వేయలేదు. కష్టమంతా పాము కరిచాక మొదలైంది. అక్కణ్ణుంచి కాటి సీను అయ్యేదాకా లోహితాస్యుడు శవం, కదలకూడదు. ఆ సీను వచ్చేసరికి రాత్రి రెండు దాటుతుంది. చంద్రమతి ఒక పద్యం ఎత్తుకుంటే రాగంతో కలిపి ఐదారు నిమిషాలు. జనం వన్స్ మోర్ అన్నారంటే మళ్ళీ మొదటినుంచి. హరిశ్చంద్రుడు జాషువా గారి శ్మశాన పద్యాలు అందుకుంటే ఇక చెప్పక్కర్లేదు. లైట్లకు వచ్చిన పురుగులు ముఖం మీద పాకుతుండేవి. చంద్రమతి వేసే ఆవిడ నన్ను ఒళ్ళోకి తీసుకోగానే పమిట చెంగు నా ఛాతీ మీద పరిచేది, ఊపిరి తీయడం కనపడకుండా. చివర్లో శివుడు ప్రత్యక్షమయ్యాక నేను లేవాలి. నిద్రపోతానేమోనని పద్యం పాడుతూనే నా అరచేతిలో గోటితో గిల్లుతుండేది. జనానికి మాత్రం కొడుకు చెయ్యి పట్టుకుని ఏడుస్తున్న తల్లే కనపడేది. నటన గురించి నాకు మొదట తెలిసింది ఆ గిల్లుడే. ఏడుస్తూ కూడా అవతలి మనిషిని కనిపెట్టుకుని ఉండాలి.

మొదట్లో నాకంటూ డబ్బు ఇచ్చేవాళ్ళు కాదు. తర్వాత నాటకానికి వంద, నూట యాభై ఇచ్చేవాళ్ళు, అదీ నాన్న డబ్బులో కలిపి. చదివింపులు మాత్రం నావే. మైకులో పేరు చదివి, పది రూపాయల నోటు నా పంచెకి పిన్నుతో గుచ్చేవాళ్ళు. మా వైపు ఆడపిల్ల ముఖానికి రంగేసిందంటే చాలు, చిర్రావూరు సావిత్రి, దుగ్గిరాలలో పెరిగిన జమున గుర్తుకొస్తారు జనానికి. వాళ్ళిద్దరూ స్టేజీ మీదనుంచే సినిమాలకు వెళ్ళారు కదా, "నువ్వూ పోతావులే" అనేవాళ్ళు. అమ్మ మాత్రం ఆ మాట వినపడ్డప్పుడల్లా లేచి వెళ్ళిపోయేది.

2003లో నేను ఒక్కసారిగా పొడుగయ్యాను. ఒక ఊళ్ళో కాటి సీనులో ఎవరో గట్టిగా అరిచారు, "ఏందయ్యా, కొడుకు తల్లి భుజం దాకా వచ్చాడు!" అని. జనమంతా నవ్వారు. ఆ రాత్రితో నా బాలనటన అయిపోయింది. పిల్లల వేషానికి ఎక్కువ, చంద్రమతికి తక్కువ. ఐదేళ్ళపాటు నాకు వేషం లేదు. ఈ ఖాళీ గురించి ఎవరూ ముందు చెప్పరు. చప్పట్లకు అలవాటైన పిల్లకి అవి ఆగిపోతే ఎట్లా ఉంటుందో ఇంట్లోవాళ్ళకు కూడా అర్థం కాదు. స్కూల్లో ఏకపాత్రాభినయాలు చేశాను, బహుమతులు వచ్చాయి. కానీ ఆ తెల్లవారుజామున రెండు గంటల జనం ఎక్కడినుంచి వస్తారు? నాన్న ఆ ఐదేళ్ళూ రోజూ పొద్దున ఆరింటికి పెట్టె ముందు కూర్చోబెట్టి శ్రుతి పట్టించాడు. ఇవాళ నా గొంతు నిలబడిందంటే ఆ ఖాళీ ఏళ్ళ పుణ్యమే.

2008లో ఇంటర్ అయ్యాక పరిషత్ నాటకాల్లోకి వచ్చాను. అవి పోటీలు, సాంఘిక నాటకాలు. నాటక సమాజాల్లో మగవాళ్ళు చాలామంది ఉద్యోగాలు చేసుకుంటూ ఇష్టం కొద్దీ ఆడతారు. ఆడవేషాలకు మాత్రం మాలాంటివాళ్ళను డబ్బిచ్చి పిలుస్తారు. నాకు మొదట ప్రదర్శనకు 1,500, తర్వాత 3,000 దాకా ఇచ్చారు. బస్సు ఛార్జీలు వాళ్ళవే, రిహార్సల్స్‌కి డబ్బు ఉండదు. అమ్మ తోడు వచ్చేది. అర్ధరాత్రి నాటకం అయిపోయాక బస్టాండులో తెల్లారేదాకా కూర్చుని మొదటి బస్సు పట్టుకునేవాళ్ళం. డబ్బు తక్కువే అయినా, పద్యం లేకుండా మామూలు మాటతో జనాన్ని పట్టుకోవడం అక్కడే వచ్చింది. ఒకే సీజన్లో మూడు సమాజాలకు మూడు పాత్రలు చేస్తే మాట ఎక్కడా తప్పకూడదు. ఆ జ్ఞాపకశక్తి తర్వాత నాకు అన్నం పెట్టింది.

2013లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్ ఎం.పి.ఏ.లో (మాస్టర్ ఆఫ్ పెర్ఫార్మింగ్ ఆర్ట్స్) చేరాను. రెండేళ్ళు. అక్కణ్ణుంచి లింగంపల్లి వైపు వెళ్తే సురభి వాళ్ళ కాలనీ వస్తుంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన నాటక కుటుంబాలవి. తెలుగులో మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద'లో లీలావతి వేసిన కమలాబాయి గారు ఆ ఇంటి బిడ్డే. వాళ్ళ నాటకాలకు తరచూ వెళ్ళేదాన్ని. చంటిపిల్లల నుంచి తాతల దాకా ఒకే స్టేజీ మీద ఉంటారు. పన్నెండేళ్ళ పిల్ల వేషానికి పొడుగైతే ఆ రోజు తెర లాగుతుంది, మర్నాడు చెలికత్తె అవుతుంది. ఇంట్లోనే కంపెనీ ఉంటే నాలాగా ఖాళీ రాదు. అది చూసి నాకు అసూయ వేసింది, నిజంగా.

2015 జూన్‌లో యూసుఫ్‌గూడలో ఇద్దరమ్మాయిలతో కలిసి రూము తీసుకున్నాను. నా వాటా నెలకు 2,500. పక్కనే కృష్ణానగర్, అవకాశాల కోసం వచ్చిన ప్రతి మనిషీ అక్కడే తిరుగుతుంటాడు. ముందు ఫోటోలు కావాలన్నారు. ఫోటోషూట్‌కి 12,000 అయింది. మా అమ్మ చిట్టీ డబ్బు అది. ఏడాది తిరగకుండానే అర్థమైంది, ఆ మెరుపు ఫోటోలు ఎవరూ చూడరని. డైరెక్షన్ డిపార్ట్‌మెంట్ వాళ్ళు అడిగేది మేకప్ లేకుండా ఫోన్లో తీసిన మూడు ఫోటోలు, ఎదురుగా, పక్కకు, నిలువుగా. దాంతోపాటు నిమిషం వీడియో: పేరు, వయసు, ఎత్తు, ఏ యాసలు వచ్చు, చేసిన పనేమిటి. రెండు వైపులా ముఖం తిప్పి చూపించాలి.

వేషాలు ఇప్పించే కోఆర్డినేటర్లమని చెప్పుకునేవాళ్ళు చాలామంది కలిశారు. రిజిస్ట్రేషన్ ఫీజు అని 5,000 అడిగినాయన ఒకాయన. రాత్రి తొమ్మిదికి కాఫీ షాపులో కథ చెప్తానన్నాయన ఇంకొకాయన. నాటకాల్లో అమ్మ తోడుతో తిరిగినదాన్ని కాబట్టి ఈ రెండో రకం వెంటనే తెలిసిపోయేది. పగలు, ఆఫీసులో, నలుగురూ ఉన్నప్పుడు ఆడిషన్ పెట్టేవాళ్ళ దగ్గరికే వెళ్ళాను. దానివల్ల పోయిన అవకాశాలు పోనీ అనుకున్నాను. ఇప్పటికీ అదే అనుకుంటాను.

దాదాపు ఏడాది తర్వాత, 2016 వేసవిలో, ఒక డైలీ సీరియల్లో హీరోయిన్ పిన్ని వేషం దొరికింది. రోజుకు 1,500. పొద్దున తొమ్మిదికి మొదలైతే రాత్రి తొమ్మిది దాకా కాల్షీట్. నాకు ఎదురైన మొదటి ఆశ్చర్యం చీరలు. చిన్న ఆర్టిస్టులు ఎవరి చీరలు వాళ్ళే తెచ్చుకోవాలి. ఎపిసోడ్ మారితే చీర మారాలి, ఆ చీర మళ్ళీ వెంటనే కనపడకూడదు. రూము పిల్లలవి, మేనత్తవి, అన్నీ తెచ్చుకున్నాను. మూడు నెలల సంపాదనలో పెద్ద వాటా బ్లౌజులు కుట్టించడానికీ ఇస్త్రీకీ పోయింది.

రెండో ఆశ్చర్యం ప్రాంప్టింగ్. సీను కాగితం అప్పటికప్పుడు వస్తుంది. అసిస్టెంటు కెమెరా పక్కన నిలబడి మాట అందిస్తుంటే అది వింటూ మనం చెప్పాలి. వేరే గొంతుతో డబ్బింగ్ ఎట్లాగూ ఉంటుంది. నేను కాగితం రెండుసార్లు చూస్తే మాట వచ్చేస్తుంది, కానీ చెవిలో ఇంకొకళ్ళు అదే మాట అంటుంటే నా లయ తప్పేది. మొదటివారమంతా తల పగిలిపోయేది. డైరెక్టర్ గారిని అడిగితే "నీకు వద్దంటే మానేస్తాం, కానీ ఎదురు ఆర్టిస్టుకు కావాలి కదమ్మా" అన్నారు. నిజమే. ఆ శబ్దం మధ్యలో ఎదురుగా ఉన్న మనిషి కళ్ళు చూస్తూ ఉండటం నేర్చుకున్నాను. ఇంకో బాధ ఏమిటంటే, ఇరవై ఏళ్ళు సాధన చేసిన గొంతు ఒక్క ఎపిసోడ్లో కూడా వినపడలేదు. టీవీలో నా ముఖం మీద వేరే ఆవిడ గొంతు విని నాన్న లేచి బయటికి వెళ్ళాడని అమ్మ తర్వాత చెప్పింది.

డబ్బు చేతికి రావడానికి మూడు నెలలు పట్టేది, పది శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కోసుకుని. పన్ను కట్టేంత ఆదాయం లేనప్పుడు, పాన్ కార్డు ఉండి రిటర్న్ వేస్తే అది వెనక్కి వస్తుందని నాకు తోటి ఆర్టిస్టు ఒకావిడ చెప్పింది. రెండేళ్ళ టీడీఎస్ అట్లా వెనక్కి వచ్చి కొన్ని నెలల అద్దె కట్టాను. సీరియళ్ళు 2019 దాకా సాగాయి.

2020 మార్చిలో షూటింగులు ఆగిపోయాయి. ఏప్రిల్లో రూము ఖాళీ చేసి ఇంటికి వెళ్ళిపోయాను. ఆ ఏడాదంతా నాటకాలు లేవు, నాన్నకూ పని లేదు. పిల్లలకు ఆన్‌లైన్లో తెలుగు పద్యాలు చెప్పి నెలకు నాలుగైదు వేలు తెచ్చాను. అయితే ఆ కాలంలోనే జనం ఓటీటీలకు అలవాటుపడ్డారు, ఊరి కథలు తీసేవాళ్ళు పెరిగారు. గోదావరి, పల్నాడు, తెలంగాణ, ఉత్తరాంధ్ర, ఏ యాస కథకు ఆ యాస మనిషి కావాలనడం మొదలైంది. ఆడిషన్ కూడా ఇంట్లోనే తీసి వాట్సాప్‌లో పంపమనేవాళ్ళు. వెనక తెల్లగోడ, కిటికీ వెలుతురు, ఫోన్ అడ్డంగా. ఎదుటివాళ్ళ మాటలు తమ్ముడు చదివేవాడు. ఫ్యాను ఆపేస్తే చాలు, శబ్దం బాగుంటుంది.

2022 మేలో అట్లా పంపిన వీడియోకి ఒక సినిమా ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. పల్నాడు కథ, ఎనిమిదేళ్ళ పిల్లాడి తల్లి. ఆఫీసులో ఆడిషన్, వారం తర్వాత లుక్ టెస్ట్ (వేషం, మేకప్ వేసి కెమెరాలో చూడటం), జులైలో ఓకే అన్నారు. ఆగస్టు రెండో వారంలో షూటింగ్ అన్నారు. ఆగస్టు 1 నుంచి నిర్మాతలు షూటింగులన్నీ ఆపేశారు. ఆ నెలంతా టెన్షన్. ఓకే అన్న వేషం కొబ్బరికాయ కొట్టేలోపు ఎంతమందికి పోయిందో కృష్ణానగర్లో ఎవరిని అడిగినా చెప్తారు. నేను ఫోన్ చేసి అడగలేను, అడగకుండా ఉండలేను. చివరికి నవంబర్లో వినుకొండ దగ్గర మొదలైంది. రోజుకు 6,000, ప్రయాణం, బత్తా వేరే.

ఇక్కడ ఒక్క సీను వివరంగా చెప్పాలి. భర్త చనిపోయాడని ఫోన్ వస్తుంది. అంతే సీను. మాస్టర్ షాట్, అంటే సీనంతా దూరం నుంచి ఒకేసారి తీసేది, పొద్దున తొమ్మిదింటికి తీశారు. నేను స్టేజీ మీద చంద్రమతిని చూసి పెరిగినదాన్ని, ఏడుపు దానంతట అదే వచ్చింది. యూనిట్‌లో కొందరు కళ్ళు తుడుచుకున్నారు. డైరెక్టర్ గారు మాత్రం మానిటర్ దగ్గరికి పిలిచి చూపించారు. నా కనుబొమ్మలు, పెదాలు, మెడ నరాలు అన్నీ కదులుతున్నాయి. "ఇది చివరి వరుస వాళ్ళ కోసం చేశారమ్మా. ఇక్కడ చివరి వరుస లేదు. ఊరికే ఫోన్ వినండి" అన్నారు.

తర్వాత లైటు మార్చారు, ట్రాక్ వేశారు, ఎదుటి ఆర్టిస్టు షాట్లు తీశారు. వాళ్ళకు నేను సజెషన్లో, అంటే కెమెరాకి వీపు పెట్టి ఎదురుగా, నిలబడి మళ్ళీ ఏడ్చాను. నా క్లోజప్ వచ్చేసరికి మధ్యాహ్నం మూడు. కళ్ళల్లో నీళ్ళు లేవు. నేల మీద టేపుతో వేసిన గుర్తు మీద నిలబడాలి, ఒక అడుగు ముందుకేస్తే ఫోకస్ పోతుంది. అసిస్టెంట్ డైరెక్టర్ పొద్దున తీసిన ఫోటో చూపించి, ఫోన్ ఎడమచేతిలో, కొంగు కుడివైపు దోపి ఉంది అని సరిచేశాడు. గ్లిజరిన్ తెస్తామన్నారు, వద్దన్నాను. ఏడవడానికి ప్రయత్నించకుండా ఫోన్లో అసిస్టెంటు చదువుతున్న మాటను మొదటిసారి వింటున్నట్టు విన్నాను. కన్ను కూడా ఆర్పలేదు. మూడో టేకు ఓకే అయింది. సినిమాలో ఉన్నది ఆ షాటే. పొద్దున ఏడ్చిందంతా ఎడిటింగ్‌లో పోయింది.

స్టేజీ మీదనుంచి వచ్చే ప్రతి పిల్లకూ నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే. మన చదువంతా దూరానికి అందించడం. గొంతు, జ్ఞాపకం, ఓర్పు, ఇవన్నీ సినిమాలో పనికొస్తాయి, ఆ అందించడం మాత్రం పక్కన పెట్టాలి. దానికి నాకు చాలా కాలం పట్టింది. ఇప్పుడు సెట్‌కి వెళ్ళగానే అసిస్టెంట్ డైరెక్టర్ని మొదట అడిగేది "నా క్లోజ్ ఎప్పుడు పెట్టుకున్నారు?" అనే. అప్పటిదాకా ఏడుపు దాచుకుంటాను.

నా కొడుకు వేషం వేసిన పిల్లాడి తల్లి సెట్లో రోజంతా కూర్చునేది. ఫోన్ చేసే తల్లిదండ్రులకు ఇది ముఖ్యం. పిల్లలు నటించడానికి 2017 నుంచి కేంద్రం నిబంధనలు ఉన్నాయి. షూటింగ్ జరిగే జిల్లా కలెక్టర్ అనుమతి నిర్మాత తీసుకోవాలి. రోజుకు ఐదు గంటలకు మించి పని చేయించకూడదు, మూడు గంటల తర్వాత విరామం ఇవ్వాలి. వరసగా 27 రోజులకు మించి పనిలో ఉంచకూడదు. పిల్లల సంపాదనలో కనీసం 20 శాతం వాళ్ళ పేరునే జాతీయ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. ఆ తల్లికి ఇవన్నీ తెలుసు, కాగితాల కాపీలు సంచిలో పెట్టుకుని తిరిగేది. నా చిన్నప్పుడు తెల్లవార్లూ శవంగా పడుకున్న రోజులు గుర్తొచ్చి, ఐదు గంటలు కాగానే ఆ పిల్లాణ్ణి పంపించేస్తుంటే చాలా సంతోషమేసేది.

2023 జూన్‌లో డబ్బింగ్‌కి పిలిచారు. సీనియర్ ఆర్టిస్టు ఒకావిడ ముందే హెచ్చరించింది, "బ్యాలెన్స్ తీసుకున్నాకే డబ్బింగ్ చెప్పు. చెప్పేశాక నీతో వాళ్ళకు పనుండదు" అని. నాకు సగానికి పైగా రావాలి. మేనేజర్ గారికి మర్యాదగా ఆ మాటే చెప్పాను. నాలుగు రోజులు ఫోన్ లేదు. ఇంకెవరితోనో చెప్పించేస్తారని నిద్ర పట్టలేదు. ఐదో రోజు అకౌంట్లో డబ్బు పడింది. తెర మీద నా ముఖానికి నా గొంతు మొదటిసారి వినపడింది ఆ డబ్బింగ్ థియేటర్లోనే. చీకట్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నా పెదాలు చూస్తూ మాట కలుపుతుంటే చేతులు వణికాయి.

2024 ఫిబ్రవరిలో సినిమా విడుదలైంది. నేను చేసిన సీన్లలో సగం లేవు. నిడివి ఎక్కువైందన్నారు. తెనాలిలో మావాళ్ళంతా ఒక వరుస టికెట్లు కొనుక్కుని వెళ్ళారు. నేను వాళ్ళతో కూర్చుని, వచ్చే సీను లేకపోవడం ఒక్కొక్కటిగా చూశాను. ఫోన్ సీను వచ్చినప్పుడు మాత్రం హాలు నిశ్శబ్దమైపోయింది. ఇంటర్వెల్లో నాన్న "పద్యం లేకుండా బానే నిలబెట్టావే" అన్నాడు. ఆయన నోట అంతకన్నా పెద్ద మెచ్చుకోలు నేను వినలేదు.

ఆ ఒక్క సీను చూసే రెండో సినిమాకి పిలిచారు. 2025 జనవరిలో అగ్రిమెంటు రాసుకున్నాం. ఈసారి రోజుకు 15,000, బ్యాలెన్స్ డబ్బింగ్‌కి ముందు అని కాగితంలోనే రాయించాను, ఎవరూ ఏమీ అనలేదు. ఆగస్టులో సినీ కార్మికులు వేతనాలు 30 శాతం పెంచాలని సమ్మె చేయడంతో మా ప్యాచ్‌వర్క్ (మిగిలిపోయిన చిన్న చిన్న షాట్లు) రెండు వారాలకు పైగా ఆగింది. లైట్‌బాయ్‌ల పని గంటలు దగ్గరనుంచి చూసినదాన్ని, వాళ్ళు అడగడం న్యాయమే అనిపించింది. సెప్టెంబర్లో గుమ్మడికాయ కొట్టారు. డబ్బింగ్‌కి ముందురోజు డబ్బు వచ్చింది.

నేను ఇంకా యూసుఫ్‌గూడలోనే ఉంటున్నాను, ఇప్పుడు సింగిల్ బెడ్‌రూమ్, అద్దె 11,000. ఇంకా రెండు ఆఫీసుల్లో లుక్ టెస్ట్ ఇచ్చి ఉన్నాను. ఒకరు సంక్రాంతి వెళ్ళాక చెప్తామన్నారు. ఇంకొకరి దగ్గరనుంచి కబురు లేదు.